తొంభై లేని మూల

జామెట్రీలో ఇరవైకి ఆరు మార్కులు తెచ్చుకున్న పిల్ల ఆ పేపరుని ఫ్రిజ్‌లో కోడిగుడ్ల ట్రే కింద దాచిపెడితే, కన్నతల్లికి ఏం చేయాలనిపిస్తుంది? నాకూ అదే అనిపించింది. అప్పుడు నా రెండు చేతుల్లో గుడ్లున్నాయి కాబట్టి మా సెలీనా బతికిపోయింది.

నా పేరు సౌభాగ్యమ్మ. మస్కట్‌లోని బౌషర్‌లో ఒక ఆసుపత్రిలో సర్జికల్ వార్డు నర్సుని. మా ఆయన ప్రసాద్ బాబు అదే ఆసుపత్రిలో మందుల స్టోరు చూస్తారు. మాది నరసాపురం. పదకొండేళ్లుగా వాడీ కబీర్‌లో మూడో అంతస్తు ఫ్లాటులో ఉంటున్నాం. పొద్దున్నే స్కూలు బస్సుల హారన్లతోనే మాకు తెల్లవారుతుంది. వార్డులో నేను నడిచొస్తుంటే పేషెంట్లు నొప్పి ఉన్నా మూలగరు. ఇంట్లో మాత్రం నన్ను చూసి భయపడేది ప్రెషర్ కుక్కర్ ఒక్కటే.

పేపరు వెనకాల లెక్కల టీచరు సింధూజ మేడమ్ ఎర్ర సిరాతో రాసిన కబురుంది. ఆదివారం రీటెస్ట్. రాతకి పదిహేడు మార్కులు, నోటి ప్రశ్నలకి మూడు. రెండూ కలిపి పన్నెండు రాకపోతే, వచ్చే గురువారం పోటీలకి సోహార్ వెళ్లే త్రోబాల్ జట్టులోంచి సెలీనా పేరు తీసేస్తారు.

"అమ్మా, నేను సర్వీస్ చేస్తే అవతల ఎవ్వరూ పట్టుకోలేరు. ఆ సంగతి మేథ్స్ మేడమ్‌కి ఎవరైనా చెప్పొచ్చు కదా" అని మొదలుపెట్టి, మాట పూర్తికాకుండానే భోరుమంది. ఆ జట్టులో చోటు కోసం అది ఐదో తరగతి నుంచి కాచుకుని ఉంది. సాయంత్రాలు మేడ మీద నీళ్ల ట్యాంకు గోడకి బంతి విసిరి విసిరి, ఆ ట్యాంకుకి ఒక పక్క రంగే లేకుండా చేసింది. దాని ఏడుపు చూశాక నా కోపం సగం దిగింది. మిగతా సగం మా ఆయన మీదకి మళ్లింది. మా ఇంట్లో ఇంగ్లీషు, సైన్సు నావి, లెక్కలు ఆయనవి.

"ఇంటర్లో నాకు మేథ్స్‌లో ఎన్నొచ్చాయో తెలుసా సౌభాగ్యం?" అన్నారు.

"తెలుసండీ, పెళ్లిచూపుల్లోనే చెప్పారు. ఇప్పుడు పిల్లకి చెప్పండి" అన్నాను.

శుక్రవారం చర్చిలో ప్రార్థన నుంచి వచ్చి, భోజనాలయ్యాక ఆయన హాల్లో పాఠం మొదలుపెట్టారు. ఆయన పద్ధతి ఒకటే. పుస్తకంలో ఉన్న ముక్కని గట్టిగా చదువుతారు. పిల్లకి అర్థం కాకపోతే అదే ముక్కని ఇంకాస్త గట్టిగా చదువుతారు.

"త్రిభుజంలో మూడు కోణాల మొత్తం నూట ఎనభై డిగ్రీలు."

"ఎందుకు నాన్నా?"

"ఎందుకేంటి? మూడు కోణాల మొత్తం, నూట! ఎనభై! డిగ్రీలు!"

సరిగ్గా అప్పుడు కాలింగ్ బెల్ మోగింది. ఓనరు పంపిన టైల్స్ మేస్త్రి వచ్చాడు. మా బాత్రూంలో రెండు నెలల కిందట ఎవరో మహానుభావుడు కొత్త టైల్స్ వేసి వెళ్లాడు. అప్పట్నుంచీ మేం స్నానం చేస్తే నీళ్లు జాలీలోకి పోవడం మానేసి హాల్లోకి వస్తున్నాయి. కింద ఫ్లాటులో అజీజా గారి సీలింగు మీద మా నీళ్లు మరకలు కడుతున్నాయి. ఆవిడ మంచిమనిషి కాబట్టి ఇన్నాళ్లూ చిరునవ్వుతో ఫోటోలు పంపుతూ ఊరుకుంది. పోనీ రెండో బాత్రూం వాడదామంటే అందులో స్నానానికి చోటే లేదు, కమోడు మీద కూర్చుంటే తలుపు కూడా పడదు.

మేస్త్రి పేరు జితేందర్. జగిత్యాల అవతల ఏదో ఊరు. నలభై దాటి ఉంటాడు, ప్యాంటు మోకాళ్ల దగ్గర రెండు పెద్ద మాసికలు. లోపలికి రాగానే ఒక మగ్గు నీళ్లడిగి బాత్రూం మధ్యలో పోసి, గొంతుక్కూర్చుని చూశాడు. నీళ్లు ఒక్క క్షణం ఆగి, జాలీకి వీపు తిప్పి, గుమ్మం వైపు బయల్దేరాయి.

"అక్కా, వాటం ఉల్టా కొట్టిండ్రు. జాలీ ఆడుంటే నీళ్లు ఈడికొస్తున్నయ్. ఇది చేసినోనికి దండం పెట్టాలె" అని సుత్తి తీశాడు.

ఇక లోపల సుత్తి, బయట మా ఆయన. ఎవరి గొంతు పెద్దదో తేలడం లేదు.

"లంబకోణం అంటే తొంభై డిగ్రీలు. ఉదాహరణకి మన హాలు మూల చూడు. కచ్చితంగా తొంభై!"

సుత్తి ఆగింది.

"సార్, ఆ మూల తొంభై లేదు సార్" అని బాత్రూంలోంచి వినపడింది.

"ఏంటీ?"

"ఎనభై ఏడు ఉంటది. ఇంట్లకొచ్చేటప్పుడే చూసిన. మీరేమన్న అనుకుంటరని చెప్పలే."

ఇల్లు మాది కాదు, అద్దెది. గోడ కట్టింది మేం కాదు. అయినా మా ఆయన మొహం ఎవరో ఆయన పెంపకాన్ని తప్పుబట్టినట్టు అయిపోయింది. "కొలిచి చూపించు" అన్నారు.

జితేందర్ చేతులు కడుక్కుని వచ్చి మూలలో మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఒక గోడ వెంట మూడడుగుల దగ్గర పెన్సిల్‌తో గీత పెట్టాడు. రెండో గోడ వెంట నాలుగడుగుల దగ్గర ఇంకో గీత. ఆ రెండు గీతల మధ్య టేపు లాగాడు.

"మూల మంచిగుంటే ఇది ఐదడుగులు రావాలె. ఎంతొచ్చింది బిడ్డా?"

సెలీనా వంగి చూసింది. "నాలుగడుగుల పదిన్నర అంగుళాలు."

"ఒకటిన్నర అంగుళం తక్కువ. గోడ లోపలికొచ్చింది" అని తేల్చేశాడు.

నాకు ఆ క్షణంలోనే పక్కగదిలో మంచం గుర్తొచ్చింది. ఆ మంచం తల గోడకి ఆనితే కాళ్ల వైపు పక్క గోడకి మూడంగుళాలు ఎడం ఉంటుంది. మా ఆయన వంకర మంచం కొనుక్కొచ్చారని నాలుగేళ్లుగా నేను చుట్టాలకీ, స్నేహితులకీ, ఒకసారి పాస్టరు గారికి కూడా చెప్పాను. ఆ మాట ఎత్తకూడదనుకుంటూ ఉండగానే మా ఆయన జితేందర్ని రెక్క పట్టుకుని అక్కడికి తీసుకుపోయారు.

"మంచం మంచిగనే ఉన్నది అక్కా. గోడనే పక్కకు జరిగింది" అని తీర్పొచ్చింది.

"నాలుగేళ్లు!" అన్నారు మా ఆయన, చూపుడువేలు నా మొహం ముందు ఆడిస్తూ. "నాలుగేళ్లు నన్నూ, నోరులేని ఆ మంచాన్నీ ఆడిపోసుకున్నావు!"

సెలీనా కళ్ల నీళ్లొచ్చేలా నవ్వింది. నవ్వి నవ్వి, పరీక్ష పేపరొచ్చాక మొదటిసారి జామెట్రీ గురించి ప్రశ్న అడిగింది. "అంకుల్, ఐదే ఎందుకు రావాలి?"

"అది నాకు తెల్వది బిడ్డా. వస్తది, అంతే."

అది పరిగెత్తుకెళ్లి పుస్తకం తెరిచి, పేజీలు తిప్పి తిప్పి, వేలు పెట్టి చూపించింది. మూడు మూళ్లు తొమ్మిది, నాలుగు నాలుగులు పదహారు, రెండూ కలిపితే ఇరవై ఐదు, అంటే ఐదు ఐదులు. జితేందర్ ఆ బొమ్మని చాలాసేపు చూశాడు.

"గిది పుస్తకంలున్నదా?" అన్నాడు. "ఇరవై ఏండ్ల సంది నేను టేపులనే ఉన్నదనుకుంటున్న!"

ఆ తర్వాత బడి బాత్రూంలోకి మారింది. పాత టైల్స్ సగం ఊడి కిందంతా పెచ్చులు. సెలీనా బకెట్టు బోర్లించుకుని కూర్చుంది. మా ఆయన గుమ్మంలో చేతులు కట్టుకుని, పర్యవేక్షణకి వచ్చిన పెద్దసారులా నిలబడ్డారు. జితేందర్ ఒక టైలుని మూడు మూలల ముక్కగా కోశాడు. మూడు కొనలనీ కట్టింగ్ ప్లేయరుతో పుటుక్కు పుటుక్కుమని విరిచి, ఆ మూడు కొనల్నీ పక్కపక్కన చేర్చి స్కేలు పెట్టాడు. మూడూ కలిసి స్కేలు మీద తిన్నగా సరిపోయాయి.

"సీదా గీతంటే ఎంత బిడ్డా?"

"నూట ఎనభై" అంది సెలీనా, కళ్లు పెద్దవి చేసుకుని. "అంటే మూడూ కలిపితే... నాన్నా, అందుకు!"

"నేను అదేగా చెప్పాను" అన్నారు మా ఆయన. కానీ సెలీనా ఆ పక్కకి జరిగాక, ఆయనే ఇంకో టైలు ముక్క తీసుకుని విరిచి చూసుకోవడం నేను గమనించాను. వేలు కూడా కోసుకున్నారు. బ్యాండేజీ నేనే వేశాను.

సాయంత్రం టీ ఇస్తూ, "మీరు లెక్కల మేస్టారు కావలసిన వాళ్లు" అన్నాను జితేందర్‌తో.

అతను నవ్వాడు. "ఏడో తరగతి పబ్లిక్‌ల లెక్కలల్లనే పోయింది అక్కా. ముప్పై ఐదు రావాలె, ఇరవై తొమ్మిదొచ్చినయ్. గీ జామెట్రీల ఒక్క బిట్టు పెట్టలే. మా సారు బోర్డు మీద గీసిండు, మేం చూసినం. చేతికి ఒక్క వస్తువియ్యలే. మళ్ల రాస్తనంటే మా బాపు కరీంనగర్ల పనికి తోలుకపోయిండు. పరీక్షనాడు నేను ఇటికెలు మోస్తున్న." టీ ఒక గుక్క తాగి మళ్లీ అన్నాడు, "మా అవ్వ కమలవ్వ ఇప్పటికి ఊర్ల చెప్తది. మావోడు ఏడు పాస్ కాలే గని దుబాయ్ పాసయిండు అని. ఇది దుబాయ్ కాదే, మస్కట్ అంటే ఇనది."

నవ్వుతూనే చెప్పాడు గానీ నాకు నవ్వు రాలేదు. పరీక్ష తప్పడం ఒకటి, మళ్లీ రాసే వీలే లేకపోవడం ఇంకొకటి. టీతో పాటు ఇద్దామని దాచిన కాజాలు మా ఆయన తినేశారని అప్పుడే తెలిసి, ఆ బాధంతా ఆయన మీద చూపించాను.

శనివారం జితేందర్ తెల్లారగానే వచ్చేశాడు. కొత్త టైల్స్ పరుస్తూ, పక్కన తెరిచి పెట్టుకున్న సెలీనా పుస్తకం చూసి ప్రతి వరసకీ దాన్ని ఒక ప్రశ్న అడిగాడు. టైల్స్ సందులు సమాంతర రేఖలు. వాటికి అడ్డంగా కరెంటు వైరు పరిస్తే అది తిర్యగ్రేఖ. ఎదురెదురు కోణాలు చూపించు, ఏకాంతర కోణాలు చూపించు అంటూ వెనక్కి తిరిగి ఆ వైరు వైపు చూడటం, చేత్తో ముందున్న టైలు తడుముకుంటూ అంటించడం. సెలీనా జవాబు సరిగ్గా చెబితే రబ్బరు సుత్తితో టైలు మీద రెండుసార్లు టకటకమని కొట్టేవాడు. తప్పు చెబితే పని ఆపేసేవాడు. వాటం చూసే రసమట్టం మాత్రం ఎప్పుడో ఒకసారి పెట్టి చూశాడు. ఎందుకంటే అది ఎక్కువసేపు సెలీనా దగ్గరే ఉంది. పిల్ల దాన్ని షోకేసు మీద, టీవీ మీద పెట్టి చూసి, చివరికి వాళ్ల నాన్న మీసాల మీద పెట్టింది.

"నాన్నా, బుడగ కుడివైపుకి పోయింది. నీ మీసం ఎడమపక్క దిగింది."

మా ఆయన వెంటనే అద్దం దగ్గరికి వెళ్లి, ఎడమది దువ్వి పైకి లేపి, మళ్లీ వచ్చి రీటెస్ట్‌కి నిలబడ్డారు.

"ఒకటి యాదికి పెట్టుకో బిడ్డా" అన్నాడు జితేందర్ చివర్లో. "నేలంటే ఏనాడు సమంగ, సాపుగ ఉండద్దు. జాలీ దిక్కు జరంత వంగాలె. వంగకుంటే నీళ్లు నిలుస్తయ్. ఇగ టైలుకు టైలు అతికియ్యద్దు. నడుమ రెండు మిల్లీమీటర్ల సందు ఉంచాలె. లేకుంటే ఎండలకు ఉబ్బి లేస్తయ్."

సెలీనా అదంతా నోటుబుక్కులో రాసుకుంది. నేను చూశాను. అప్పుడే ఆపాల్సింది.

వెళ్లేముందు జితేందర్ గట్టిగా చెప్పాడు, "కింద నీళ్లు దిగకుండ మందు కొట్టిన, మీద టైలు పెట్టిన. గురువారం దాకా చుక్క నీళ్లు పొయ్యద్దు అక్కా." దాంతో ఎవరి స్నానం దారి వాళ్లు చూసుకున్నాం. నేను ఆసుపత్రిలో డ్యూటీకి ముందు చేసేదాన్ని. సెలీనా కింద అజీజా గారింట్లో చేసేది. మా ఆయన రోజూ అల్ హైల్‌లో ఉన్న తమ్ముడు ఇస్రాయేలు రూముకి కారులో వెళ్లి స్నానం చేసి, ఏసీ పనిచేయని ఆ కారులోనే గంటసేపు ట్రాఫిక్‌లో ఉడికి, వెళ్లినప్పటికంటే తడిసి వచ్చేవారు.

ఆదివారం పరీక్ష రాసొచ్చిన సెలీనా "పదిహేడుకి పదిహేడు" అంది. మంగళవారం సింధూజ మేడమ్ నుంచి, ఇద్దరూ కలిసి రమ్మని ఫోనొచ్చింది. ఇద్దర్నీ పిలిచారంటే మెచ్చుకోవడానికే అన్నారు మా ఆయన. కొత్త చొక్కా వేసుకున్నారు.

సింధూజ మేడమ్‌ది అనంతపురం. సన్నటి మనిషి, మాట కచ్చితం. సెలీనాని కూడా పిలిపించి, పేపరు మా ముందు పెట్టింది. రాతలో పదిహేడుకి పదకొండు. ఇంకా ఒక్క మార్కు కావాలి.

"థియరీ అంతా బాగా రాసింది. కోణాల మొత్తం ఎందుకు నూట ఎనభయ్యో ఇంత బాగా క్లాసులో ఎవరూ రాయలేదు. కానీ ఈ బొమ్మలేంటో మీరే చెప్పాల" అంది.

మూడు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు ఉన్న గది నేలని స్కేలు ప్రకారం గీసి, నాలుగు మూలల కోణాలూ రాయమని ప్రశ్న. సెలీనా గీసిన గది ఒక పక్కకి ఒరిగిపోయి ఉంది. కోణాలు ఎనభై ఎనిమిది, తొంభై రెండు, ఎనభై ఎనిమిది, తొంభై రెండు. కిందికి దిగిన మూలలో చిన్న సున్నా. దానికి బాణం గుర్తు పెట్టి 'జాలీ' అని రాసి ఉంది. బొమ్మ కింద ఒక గమనిక కూడా ఉంది: నీళ్లు నిలవకూడదు.

"మొత్తం మూడొందల అరవై వచ్చింది. అది మాత్రం కరెక్టే" అంది మేడమ్. పేజీ తిప్పింది. "ఇక్కడ పక్కపక్కనే రెండు త్రిభుజాలు ఒకే భుజం మీద గీయమన్నా. రెంటి మధ్యా సందు పెట్టింది. ఎందుకమ్మా అంటే, ఎండకి ఉబ్బుతాయంట."

మా ఆయన నా వైపు చూశారు. నేను ఆయన వైపు చూశాను. ఇద్దరం ఒకేసారి "మేస్త్రి" అన్నాం.

జరిగిందంతా చెప్పాక మేడమ్ నవ్వాపుకోలేక కిటికీ వైపు తిరిగింది. మళ్లీ ఇటు తిరిగేసరికి మొహం మామూలుగా ఉంది. "నవ్వొచ్చిందని మార్కు వెయ్యలేను. నోటి ప్రశ్నలు ఇంకా అడగలేదు. అవీ ఇట్లనే చెబితే సోహార్ లేదు."

సెలీనా గడ్డం వణికింది. నేను దాని భుజం మీద చెయ్యి వేశాను. మా ఆయన మాత్రం అప్పటికే జితేందర్‌కి వీడియో కాల్ కలిపేశారు. అతను అల్ హైల్‌లో ఏదో విల్లా సైట్‌లో మోకాళ్ల మీదున్నాడు. ఆయన పేపరుని ఫోను ముందు పట్టారు.

జితేందర్ బొమ్మని చూశాడు. కళ్లు చిట్లించి ఇంకోసారి చూశాడు. "అయ్యో బిడ్డా!" అన్నాడు. ఆ గొంతు విని నాకే భయమేసింది. "మేడం, నమస్తే మేడం. పొల్లది తప్పు లేదు, నాదే తప్పు. ఒక్క ముచ్చట అడగనిస్తరా?"

మేడమ్ తలూపింది.

"బిడ్డా, నువ్వు ఈ గది యాడ నిలవడి చూసి గీసినవ్?"

సెలీనా ఆలోచించింది. "పైనుంచి."

"పైకెల్లి చూస్తే వాటం కండ్లవడ్తదా?"

సెలీనా తల వంచి మేడమ్ బల్లని పైనుంచి చూసింది. తర్వాత మోకాళ్ల మీద కూర్చుని, బల్ల అంచుకి కన్ను ఆనించి పక్కనుంచి చూసింది. లేచి, అడగకుండానే పెన్సిల్ తీసుకుంది. మొదట పైనుంచి కనిపించే నేల గీసింది. నాలుగు మూలలూ తొంభై. దాని పక్కనే అదే నేలని పక్కనుంచి చూస్తే ఎలా ఉంటుందో గీసింది. పొడుగ్గా, సన్నగా ఒక త్రిభుజం.

"ఇది లంబకోణ త్రిభుజం మేడమ్. ఈ చిన్న కోణమే వాటం. మిగతా రెండూ కలిపితే..." అని ఆగి, "మూడూ కలిపితే నూట ఎనభయ్యే" అంది.

సింధూజ మేడమ్ ఎర్ర పెన్ను తీసి మూడుకి రెండు వేసింది. "ఆ ప్రశ్న నేను అడగాల్సింది, ఆయన అడిగినాడు. అందుకని ఒక మార్కు కట్" అంది. పదకొండూ రెండూ పదమూడు.

"పాసేనా మేడం?" అని ఫోను అరిచింది.

"పాసే."

ఫోనులో మొహం మాయమై ఆకాశం కనిపించింది. ఏదో బకెట్టు దొర్లిన చప్పుడు, ఎవరో హిందీలో తిట్టిన చప్పుడు వచ్చాయి.

గురువారం సెలీనా సోహార్ వెళ్లింది. మధ్యాహ్నం ఫోన్ చేసి, "మొదటి మ్యాచ్‌లోనే ఓడిపోయాం అమ్మా" అంది. నేను ఓదార్చబోతే, "కానీ అక్కడ కోర్టు మూల తొంభై లేదు. షూ లేసులు ముడేసి మూడు, నాలుగు, ఐదు కొలిచాం. రిఫరీ అంకుల్‌కి కూడా చూపించాం" అంది. వాళ్లని తొందరగా బయటికి ఎందుకు పంపారో నాకు కొంత అర్థమైంది.

ఫోను పెట్టేసి, వారం రోజుల తర్వాత నా సొంత ఇంట్లో, నా సొంత బకెట్టుతో స్నానానికి వెళ్లాను. ఎంత హాయిగా ఉందో చెప్పలేను. రెండు బకెట్లు పోసుకున్నాను. హాల్లోంచి మా ఆయన కేక వినపడింది.

"సౌభాగ్యం! సోఫా కింద నా చెప్పులు ఈదుతున్నాయి!"

నీళ్లు జాలీకి వీపు తిప్పి, గుమ్మం దాటి, కొత్త టైల్స్ మీద ఇంకా తొందరగా హాల్లోకి వెళ్లిపోయాయి. తిర్యగ్రేఖలూ, ఏకాంతర కోణాలూ చెబుతూ వెనక్కి తిరిగి పరిచిన నేల కదా మరి! తల తుడుచుకోకుండానే జితేందర్‌కి ఫోన్ చేశాను. తిట్టడానికి వార్డులో వాడే మంచి మాటలన్నీ సిద్ధం చేసుకున్నాను.

సంగతి విని అతను, నీళ్లు ఎటు పోతున్నాయో రెండుసార్లు అడిగాడు. తర్వాత మెల్లగా అన్నాడు, "అక్కా, నాకో రీటెస్ట్ పెట్టుండ్రి."

ఇరవై తొమ్మిది మార్కులతో ఇటుకలు మోసిన పిల్లాడు గుర్తొచ్చాడు. "రేపు పొద్దున్నే రండి" అన్నాను. కోపంగానే అన్నాను.

శుక్రవారం మేం ప్రార్థనకి వెళ్లి వచ్చేసరికి పాత వరసలు లేపి, సాయంత్రానికి మళ్లీ పరిచాడు. ఈసారి నోరు మెదపలేదు. రసమట్టం చేతిలోంచి దించలేదు. సెలీనా బకెట్టు బోర్లించుకుని గుమ్మంలో కూర్చుని, పరీక్ష హాల్లో సూపర్‌వైజరులా ఒక్క మాట మాట్లాడనివ్వలేదు. మా ఆయన సలహా చెప్పబోతే బయటికి పంపేసింది.

"తడి మీద నీళ్లు పోయొచ్చా?" అన్నాను.

"ఒక్క మగ్గుకు ఏం కాదు అక్కా" అన్నాడు. ఆ మాట శనివారమే అని ఉంటే మా సోఫా బాగుండేది.

సెలీనా మగ్గు పట్టుకుని గుమ్మం దగ్గర నీళ్లు పోసింది. నలుగురం వంగి చూశాం. నీళ్లు ఒక్క క్షణం ఆగాయి. మెల్లగా కదిలి, ఒక వరస దాటి, రెండు వరసలు దాటి, తిన్నగా వెళ్లి జాలీలో గుడగుడమని పడిపోయాయి.

సెలీనా టైలు ముక్క ఒకటి తీసుకుని, ఎర్ర మార్కరుతో ఇరవైకి పందొమ్మిది అని రాసి, కింద గీత గీసి, సంతకం పెట్టి ఇచ్చింది.

"ఒక్క మార్కు ఎందుకు పోయింది బిడ్డా?"

"రఫ్ వర్కు మా హాల్లో చేశారు అంకుల్."

జితేందర్ ఆ ముక్కని రెండు చేతులతో పట్టుకున్నాడు. తువాలుతో ఒకసారి తుడిచి, మార్కులు చెరిగిపోతాయని భయపడి ఆపేశాడు. అక్కడే తడి గుమ్మంలో నిలబడి ఫోన్ తీసి ఇంటికి కలిపాడు. చేతులకి సిమెంటు ఉందని స్పీకరు పెట్టాడు.

"అవ్వా, నేను పాసైన!"

"ఏంట్ల రా?"

"ఏడో తరగతి లెక్కలల్ల!"

నేను కొంగుతో కళ్లు ఒత్తుకుంటున్నాను. అప్పుడు కమలవ్వ గొంతు మా బాత్రూమంతా మోగింది.

"మరి రిజల్ట్ గింత ఆలస్యంగ ఎందుకిచ్చిండ్రు రా? ఇరవై ఎనిమిదేండ్లాయె గద!"